నా తలలోని జీను

అయిదో తరగతిలో మా మాస్టరు నా నెత్తి మీద వేలి కణుపులతో టకటకా కొట్టి, చెవి ఆనించి విని, "లోపల ఏమీ లేదురా, వట్టి బుర్ర" అని తేల్చేశాడు. ఆయన మాట మీద గౌరవంతో మరుసటి ఏడాది నుంచి నేను బడికి పోలేదు. చాలా ఏళ్ళ తర్వాత మద్రాసులో ఒక పెద్ద డాక్టరు అదే నెత్తిని కోసి, కిటికీ తలుపు తీసినట్టు తీసి లోపలికి చూశాడు. ఉండవలసినవన్నీ ఉన్నాయట, పైగా ఒకటి ఎక్కువే ఉందట. ఈ సంగతి చెబుదామని వెతుక్కుంటూ పోతే మాస్టరుగారు అప్పటికే కాలం చేశారు. ఉండి ఉంటే అనేవాడే, "ఎక్కువైంది తీసేసినారు గదా, ఇప్పుడు మళ్ళీ వట్టిదే" అని.

నేను పుట్టింది ఉదయగిరిలో, దుర్గం కింద. ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు కూలి, అదీ మా వాళ్ళ బతుకు. నాకు నడుం వంచడం చేతకాలేదు, నోరు తెరవడం మాత్రం బాగా వచ్చు. అందుకని ఆత్మకూరు వచ్చి జట్కా కట్టాను. జట్కావాడికి కావలసినవి రెండే: గుర్రం, నోరు. బండిని గుర్రం లాగుతుంది గానీ బస్సు దిగినవాళ్ళను నోరే లాగాలి. నా భార్య మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగిన మనిషి కాబట్టి నా హాస్యాలకు ఆమె ఏనాడూ నవ్వలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఇంకా వేరుపడని రోజుల్లోనే నా ఒళ్ళు పెరగడం మొదలైంది. లావు కాదు, పెరగడం. మీసాలు నెరవబోయే వయసులో పెరిగేవాడెవడైనా ఉంటాడా? చెప్పులు బిగుతైపోతే కుట్టినవాడితో జగడం పెట్టుకున్నాను. "తోలు దొంగిలించి చెప్పులు చిన్నవి చేస్తావా?" అంటే, వాడు నా పాత జత తెచ్చి కొత్త జత పక్కన పెట్టాడు. కొత్తదే పెద్దది. దవడ ముందుకు వచ్చింది, పెదవులు దళసరి అయ్యాయి, గొంతు బొంగురుపోయింది. స్టాండులో తోటి జట్కావాళ్ళు గుర్రంతో తిరిగి తిరిగి నాకు గుర్రం మొహమే వచ్చేసిందన్నారు. నేను వాళ్ళకంటే ముందే అనేసేవాణ్ణి: "ఇంకొక్క ఏడాది ఓపిక పట్టండిరా. గుర్రాన్ని బండెక్కించి నేనే లాగుతాను, ఉలవల ఖర్చు తగ్గుద్ది."

నా భార్య మాత్రం, "నీ నోరు పెద్దదైందని నేను ఎప్పుడో చెప్పినా" అని ఊరుకుంది.

ఆ తర్వాత బండి దేనికో ఒకదానికి తగలడం మొదలైంది. ఒకనాడు రాయికి, ఒకనాడు గోడకు. ఒకసారి బస్సులు ఆగే చోట ఒక అవ్వ బుట్టలో సీతాఫలాలు పెట్టుకొని కూర్చుని ఉంటే చక్రం ఆ బుట్ట మీదుగా పోయింది. అవ్వ లేచి చెంగు బిగించి, "ఏందిరా, కళ్ళు నెత్తికెక్కినాయా నీకు?" అని తిట్టింది. మద్రాసు డాక్టరు ఎక్స్‌రే తీసి చెప్పిన మాటను ఆమె సీతాఫలాల గుజ్జులో నిలబడి ముందే చెప్పింది. అప్పుడు నాకు తెలియలేదు.

నేను గుర్రాన్ని అనుమానించాను. జట్కా తోలేవాడెవడైనా అదే చేస్తాడు. జట్కా గుర్రానికి కళ్ళకు చెరో పక్కన తోలు గంతలు కడతారు. పక్కన పోయే గొడుగులనూ గేదెలనూ చూసి బెదరకుండా, ఎదురుగా దారి ఒక్కటే చూస్తూ పోవాలని. మా గుర్రం పక్కలకు చూసి వంకరపోతున్నదనుకొని, చెప్పులు కుట్టేవాడి దగ్గరికే మళ్ళీ పోయి ఇంకా వెడల్పాటి గంతలు చేయించాను. "ఇంకొంచెం వెడల్పు పెడితే అవి దాని చెవులౌతాయి" అన్నాడు వాడు. అయినా కట్టాను. తగలడం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది.

ఒకనాడు పొద్దున గంతల తోలుపట్టీ తెగిపోయింది. ఎక్కినవాళ్ళు తొందరపెడుతున్నారు. పోనీలే అని గంతలు లేకుండానే బండి కట్టి చెరువుకట్ట మీదుగా బయలుదేరాను. కట్ట మీద దారి ఇరుకు. ఎదురుగా గడ్డి బండి ఒకటి ఊగుతూ వస్తోంది. నేను ఎడమకు లాగాను. గుర్రం ఆగింది. మళ్ళీ లాగాను. మెడ ఇటు తిప్పి నిలబడింది గానీ అడుగు వెయ్యలేదు. తిట్టాను, చెర్నాకోల ఝళిపించాను. వెనక కూర్చున్నాయన గట్టిగా అరిచాడు: "ఒరే, యాడికి పోనిస్తుండావు? కింద చెరువు!" అప్పుడు తల మొత్తం తిప్పి చూశాను. ఎడమ పక్క దారే లేదు. చక్రం కట్ట అంచున ఉంది, అవతల నీళ్ళు తళతళమంటున్నాయి.

మళ్ళీ ముందుకు తిరిగాను. నీళ్ళు పోయాయి. చీకటి పడలేదు, మసక రాలేదు, అక్కడ ఏమీ లేదు, అంతే. మన వీపు వెనక ఏముందో మనకు నల్లగా కనబడదు గదా, అసలు కనబడదు. నా ఎడమా కుడీ కూడా వీపు వెనకకు చేరిపోయాయి. ఎదురుగా సందంత లోకం మిగిలింది.

ఆ రోజు నుంచి గుర్రానికి గంతలు కట్టలేదు. అడిగినవాళ్ళకు, "నెల్లూరులో కొత్త ఫ్యాషన్. అక్కడ గుర్రాలు ఊరు చూసుకుంటూ పోతాయి" అని చెప్పాను. గుర్రం బెదరలేదు. నాకు కనబడని పక్కలను అది చూసుకుంటూ, నేను తప్పు లాగినప్పుడు నిలబడిపోతూ, బండిని ఇంటికి చేర్చేది. పైన కూర్చున్నవాడు పగ్గాలు పట్టుకొని ముచ్చట్లు చెప్పేవాడు, ఏమీ ఎరగనట్టు. లోపల మాత్రం ప్రాణం ఉగ్గబట్టుకొని ఉండేవాణ్ణి. ఆ సందు రోజురోజుకూ ఇరుకవుతోంది. రెండు గోడలు దగ్గరికి వస్తుంటే మధ్యన నిలబడి హాస్యాలాడటం ఎంత కష్టమో ఎవరికి చెప్పేది?

చెప్పకుండానే నా భార్య పట్టేసింది. అన్నం తింటుంటే పక్కన మజ్జిగ పెట్టి, "పోసినా, తాగు" అంది. నేను ఎదుట చూస్తూ, "యాడ?" అన్నాను. ఆమె గరిటె తీసుకొని నా చెవి పక్కన పట్టుకుంది.

"గరిటె కనిపిస్తుండాదా?"

"ఏ గరిటె?"

గరిటెను మెల్లగా ముందుకు తెచ్చింది. అది ముక్కుకు దగ్గరగా వచ్చాకగానీ నాకు కనబడలేదు. రెండో పక్కా అంతే. గరిటె కింద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుని, "రేపు బండి కట్టొద్దు బావా, ఉదయగిరి పోదాం" అంది. చిన్నప్పటి నుంచి ఆమె నన్ను తిట్టని రోజు లేదు. ఆ రోజు తిట్టలేదు. అందుకే భయమేసింది.

ఉదయగిరిలో అప్పట్లో ఒక డాక్టరమ్మ ఉండేది. అంతకు చాలా ఏళ్ళ ముందు పగ్గం కోసుకుపోయిన నా అరచేతికి ఆమే కుట్లు వేసింది. ఆ మచ్చ చూసి, చెయ్యి తిరగేసి, మళ్ళీ మచ్చ చూసి, "ఇది నేను కుట్టిన చెయ్యేనా? ఇంత లేదే!" అంది. తర్వాత ఎదురుగా కూర్చొని, తన ముక్కు చూడమని చెప్పి, పక్కల నుంచి వేళ్ళు ఆడిస్తూ తెచ్చింది. నా భార్య గరిటెతో చేసిందే. "మా ఇంట్లో ఈ పరీక్ష అయిపోయింది డాక్టరమ్మా, ఫెయిలైనాను" అన్నాను. ఆమె నవ్వలేదు. మద్రాసు పోవాలంది.

రాష్ట్రం అప్పటికి మద్రాసు నుంచి వేరుపడిపోయింది. మా రోగాలు ఇంకా వేరుపడలేదు. నెల్లూరు పోయి రైలెక్కాం. గుర్రాన్ని మా మామ చూసుకుంటానన్నాడు.

మద్రాసు డాక్టరు చిత్తూరు వైపు మనిషి. తెలుగాయనే, అయితే ఆ తెలుగు మీద అరవం దుమ్ము కొంచెం పడింది. నా ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకొని, "ఏం పని చేస్తావయ్యా?" అని అడిగాడు.

"జట్కా తోలతానయ్యా."

"అయితే ఇది నీకు తెలిసే ఉండాలి. ఇదిగో, ముక్కు మొదటికి వెనకాల, తల నట్టనడుమ, ఈ ఎముక చూడు. ఎట్లా ఉంది?"

చూశాను. మధ్యలో గుంట, ముందూ వెనకా కాస్త ఎత్తు. "జీను లాగుంది."

"జీనే. మా పుస్తకాల్లో కూడా దాని పేరు జీనే. అందరికీ ఉంటుంది. అందులో శనగగింజంత గ్రంథి ఒకటి కూర్చుని ఉంటుంది, పైనుంచి సన్నటి కాడకు వేలాడుతూ. ఒళ్ళు ఎంత పెరగాలో చెప్పేది అదే. నీకు అందులో గడ్డ లేచింది. జీనును సాగదీసి, దాన్ని దాటి పైకి వస్తోంది."

నా తలలో నాకు తెలియకుండా ఒక జీను, దాని మీద ఎవడో బలిసినవాడు! ఇన్నాళ్ళూ నా గుర్రానిది తప్పనుకుంటిని. పక్కల చూపు ఎందుకు పోయిందో కూడా ఆయనే చెప్పాడు. కళ్ళ నుంచి వెనక్కి పోయే నరాలు రెండూ సరిగ్గా ఆ జీను పైన ఒకదాన్నొకటి దాటుకుంటాయట. పక్క చూపు తెచ్చే పోగులు ఆ దాటే చోటే అడ్డంగా పోతాయట. గడ్డ కింద నుంచి అక్కడే నెడుతోంది.

"ఊరుకుంటే?"

"ఎదర చూపు కూడా పోతుంది."

"తీసేస్తే?"

ఆయన ఎక్స్‌రే పక్కన పెట్టాడు. నా మంచం పక్కన నా భార్య గేటు బయట కొన్న కమలాపండ్లు ఉన్నాయి. ఒకటి అందుకొని వలిచాడు. తొనల మీద తెల్లటి పీచు ఉంటుంది గదా, అది చూపించాడు.

"గడ్డ ఈ తొన అనుకో. మెడలో నుంచి మెదడుకు పోయే పెద్ద నెత్తురు గొట్టాలు జీనుకు చెరో పక్కన ఉంటాయి. వాటితో నాకు భయం లేదు, అవి కనబడతాయి. వాటి లోపలి వైపు నుంచి ఇట్లాంటి సన్నటి నాళాలు పుడతాయి, వెంట్రుకల మాదిరి. కొన్ని గ్రంథి కాడకు పోతాయి. కొన్ని కంటి నరాల అడుగుకు పోతాయి. కంటి నరానికి కూడు పెట్టేది అవి. గడ్డ పెరిగేకొద్దీ అవి దాని ఒంటి మీద పరుచుకొని సాగిపోతాయి. గడ్డకు నెత్తురు పోసే నాళాలూ పక్కనే ఉంటాయి. చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి."

"గడ్డవి తెంపి, కంటివి వదలాల."

"అంతే. గడ్డ తియ్యడం పెద్ద పని కాదయ్యా. ఆ పీచును వదిలిపెట్టడం పెద్ద పని. ఒక్కటి పొరపాటున తెగినా, నెత్తురు ఆపుదామని కాల్చినా, గడ్డ శుభ్రంగా బయటికి వస్తుంది, కంటి నరమూ చక్కగా ఎదురుగా కనబడుతుంది. కంటికి చూపు మాత్రం ఉండదు."

నేను నా అలవాటు మానలేదు. "అయ్యా, ఒక మనవి. జట్కావాడికి ఎడమ పక్క గుంత, కుడి పక్క బస్సు. రెండూ కుదరకపోతే బస్సు పక్కనన్నా మిగల్చండి."

"ఇది హోటలు కాదయ్యా, అడిగింది వడ్డించడానికి" అన్నాడు. కానీ నవ్వాడు. తొన నా చేతిలో పెట్టి పోయాడు.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చొని, పీచు ఒక్కటి తెగకుండా తొన నుంచి విడదీయాలని చూశాను. లావైపోయిన వేళ్ళు. పట్టుకుంటే పీచంతా ఒక్కసారిగా ఊడివచ్చేది. ఉన్న కమలాపండ్లన్నిటికీ ఆపరేషన్ చేశాను. అన్నీ గుడ్డివైపోయాయి. నా భార్య ఆ గుడ్డి తొనలన్నీ తిని, "పుల్లగుండాయి" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గదా. నాకు ముందు ఒక్కటే కనబడుతున్నది. ఊరుకుంటే మెల్లగా చీకటి. ఒప్పుకుంటే ఒక్క పూటలో చీకటి కావచ్చు. ఆయన చెయ్యి నా చెయ్యి లాంటిది కాదని తెలుసు. కానీ ఆయనా మనిషే, ఆయనకూ తుమ్ము రావచ్చు. మెల్లగా పోయేదాన్ని ఒక్క పూటలో ఎందుకు పోగొట్టుకోవాలి? ఉన్నన్నాళ్ళు ఈ సందులోంచి చూసుకుంటూ గుర్రం వెనక కూర్చోవచ్చు.

మర్నాడు మధ్యాహ్నం, సంతకం పెట్టించుకోవడానికి వస్తారనగా, లేచి బయటికి నడిచాను. రైలుకు పోదామనే. వార్డు బయట పొడుగాటి వరండా, రెండు పక్కలా గోడలు. ఎటు నుంచి దిగాలో నాకు గుర్తే: ఎడమ పక్కన పెద్ద వాకిలి, దాటితే మెట్లు. నడిచాను. వాకిలి రాలేదు. చివర కిటికీకి పోయి తగిలాను. వెనక్కి తిరిగి, వాకిలి ఇప్పుడు కుడి పక్కన ఉండాలి గదా అనుకుంటూ నడిచాను. కుడి పక్కన కూడా ఏమీ లేదు. తల అటూ ఇటూ తిప్పి చూసుకోవాలన్న తెలివి ఆ కంగారులో ఎగిరిపోయింది. పక్కనుంచి మనుషులు ఊడిపడినట్టు ఎదుటికి వచ్చి మళ్ళీ మాయమవుతున్నారు. మళ్ళీ కిటికీ వైపు తిరిగాను. ఒళ్ళంతా చెమట. బయటి ఎండ కనబడుతున్నది, బయటికి పోయే దారి మాత్రం లేదు. గానుగెద్దు అంతసేపు తిరిగితే కొంత నూనెన్నా దిగేది.

పక్కనుంచి నా భార్య గొంతు వినబడింది. ఎంతసేపటి నుంచి ఆ బల్ల మీద కూర్చుని ఉందో.

"యాడికి బావా?"

"గాలికి."

"వాకిలి నీ పక్కనే ఉండాది. పోతా ఒకసారి దాటినావు, వస్తా ఒకసారి దాటినావు. పోవాలనుంటే పోదాం, నేనే చెయ్యి పట్టుకొని దించుతా. ఊరికి పోయినాంక కూడా నేనే పట్టుకోవాల, రోజూ. ఆలోచించుకో."

ఆమె చెయ్యి అందించింది. ఆ చెయ్యి కూడా నాకు కనబడలేదు, తగిలితే తెలిసింది. దాన్ని పట్టుకొని వార్డులోకే నడిచాను. వంకర టింకరగా సంతకం పెట్టాను. అయిదో తరగతి దాకా చదివిన చదువు ఆ ఒక్క పనికే పనికొచ్చింది.

గుండు చేశారు. నా భార్య ప్రార్థన చేసింది. దేవుడికి ఆమె చెప్పుకున్న మాటలు వినబడ్డాయి: "ఆయన చెయ్యి వణకనీయొద్దు ప్రభువా. ఈయన నోరు తర్వాత చూసుకుందాం." ఆ తర్వాత మత్తు.

తెలివి వచ్చేసరికి చీకటి. చేత్తో తడుముకోబోతే ఎవరో పట్టుకున్నారు. మొహం గుమ్మడికాయంత ఉన్నట్టు బరువు.

"ఎవరు?"

"నేనే బావా."

"కళ్ళకు కట్టు కట్టినారా?"

"నెత్తికే కట్టినారు. కళ్ళకు లేదు."

నోరు నన్ను వదిలేసి పోయిన సందర్భం నా జీవితంలో అదొక్కటే. కొంచెంసేపటికి ఆమె, "రెప్పలు వాచిపోయి మూసుకున్నాయంట, అంతేనంట" అంది. "అంట" అనే మాటకు ఎంత బలముంటుందో చూద్దామని దాన్నే పట్టుకొని పడుకున్నాను. నా లోపల నేను మూతపడి ఉన్నాను. పైన తలుపు తీసి మూసిన డాక్టరుకు తప్ప లోపల ఏమైందో ఎవరికీ తెలియదు. పక్క మంచం దగ్గుతోంది, బయట బండ్ల మోత, ఎక్కడో గుర్రపు డెక్కల చప్పుడు కూడా. నా గుర్రం ఇప్పుడేం చేస్తుంటుందో అనుకున్నాను.

వాపు తగ్గే దాకా ఆగకుండా డాక్టరే ఒక పొద్దున వచ్చి రెండు వేళ్ళతో నా రెప్పలు విడదీశాడు. వెలుగు సూదుల్లా గుచ్చింది. అమ్మయ్య, గుచ్చింది! తర్వాత తెల్లటి చొక్కా, దాని పైన ఆయన మొహం. "నా ముక్కు చూడు" అని, కుడి పక్క నుంచి వేలు ఆడిస్తూ తెచ్చాడు. చెవి దాటగానే కనబడింది. వేలు ఇంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎడమ పక్క నుంచి తెచ్చాడు. చాలా దూరం వచ్చాకగానీ, అదీ మసకగా కనబడింది.

"ఎడమ పక్క పీచు గడ్డ తోలుకు అంటుకుపోయి ఉండిందయ్యా" అన్నాడు. "విడదీయబోతే కంటి నరం అడుగున పాలిపోవడం కనబడింది. చెయ్యి తీసేశాను. గడ్డ లోపలిదంతా తోడేశాను, ఆ తోలు ముక్కను మాత్రం అక్కడే వదిలేశాను. మొత్తం తీసి ఉంటే నాకు పేరు వచ్చేది, నీకు ఆ కన్ను పోయేది. ఎడమ చూపు ఇంకొంత తిరిగి రావచ్చు. ఆ ముక్క మళ్ళీ పెరగనూవచ్చు. పెరిగితే కరెంటు వైద్యంతో దాన్ని కాలుద్దాం. ఏడాదికోసారి వచ్చి చూపించుకో."

"బస్సు పక్కే ఇచ్చినారు గదయ్యా" అన్నాను. నోరు తిరిగి వచ్చింది.

"హోటల్లో అదొక్కటే మిగిలింది" అన్నాడాయన.

ఆత్మకూరు తిరిగి వచ్చాను. చేతులూ కాళ్ళూ మళ్ళీ చిన్నవి కాలేదు, పెరిగిన ఎముక తగ్గదట. దవడా తగ్గలేదు. ఆ వదిలేసిన ముక్క ఇప్పటికీ నా లోపలే ఉంది. తలనొప్పి వచ్చినప్పుడల్లా జీను మీద ఎవరో కదిలినట్టు ఉలిక్కిపడతాను, మెడ తిప్పి గోడలు ఎక్కడున్నాయో చూసుకుంటాను. ఏడాదికోసారి మద్రాసు పోవడం, ఆయన వేలు ఎక్కడ కనబడుతుందో అని ఊపిరి బిగబట్టడం నాకు అలవాటైపోయింది. ఖైదీని పూచీ మీద బయటికి వదిలినట్టు.

ఊరు చేరిన మరుసటి వారం బండి కట్టాను. మా మామ గుర్రాన్ని బాగానే మేపాడు. అటక మీద నుంచి ఆ వెడల్పాటి గంతలు దించి, దులిపి, పట్టీ కుట్టించి తెచ్చాను. నా భార్య గుర్రం ముందు ఉలవల తొట్టి పెడుతోంది. ఆమె నవ్వదని తెలిసినా అన్నాను:

"మద్రాసు డాక్టరు నా గంతలు ఒకటిన్నర తీసేసినాడు. ఇంక వీటిని గుర్రానికి తొడిగేద్దాం. ఒక బండికి చూసేవాళ్ళు ఒకరు చాలు."

ఆమె తొట్టి కింద పెట్టి, గుర్రం మెడ మీద చెయ్యి వేసింది.

"చాలు గదా? అయితే నువ్వే తొడుక్కో బావా. నీకు కనబడనన్నాళ్ళూ బండి నడిపింది అదే."